తొమ్మిదో తరగతి లెక్కల మార్కులు

నా బిడ్డ సీటు మూడు మార్కులతో పోయింది. ఇందులో వాదనకు చోటు లేదు. లెక్కల్లో మూడు తక్కువ, తెలుగులో ఆరు ఎక్కువ. అంతే. మిగతాదంతా మనుషులు చేసింది. ఎవరు ఏం చేశారో వరసగా చెబుతాను. ఒక్కసారే చెబుతాను.

నా పేరు దుర్గయ్య. ఇల్లు పట్నంలో, గౌలిపురలో. బర్రెల కొట్టం పట్నం అవతల జల్‌పల్లిలో. పొద్దున పాలు పిండి గౌలిపుర ఇళ్ళకు పోస్తాను. మిగిలినవి పాల కేంద్రానికి వేస్తాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. అంతకు ముందు మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ ఏడాది పరీక్షలో లెక్కలకు ముప్పై మూడు వచ్చాయి. ముప్పై అయిదు రావాలి. మా నాయన పంతులు కాళ్ళు పట్టుకున్నాడు. రెండు మార్కులే గద సారూ అన్నాడు. పంతులు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "ఇంక బర్ల కాడికి తోలుకపో," అన్నాడు. తోలుకుపోయాడు. రెండు మార్కుల బరువెంతో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాల కేంద్రంలోనూ అంతే. మిషన్‌లో కాసిన్ని పాలు పోస్తారు. వెన్న ఆరు శాతం వస్తే ఒక ధర. అయిదు పాయింట్ తొమ్మిది వస్తే ఇంకో ధర. ఆ ఒక్క పాయింటు కోసం బతిమాలితే మిషన్ వినదు. అందుకే పాలవాళ్ళు డబ్బాను లెవల్ చేస్తారు. కొత్తగా ఈనిన బర్రె పాలు పల్చగా ఉంటాయి. వట్టిపోవడానికి వచ్చిన బర్రె పాలు చిక్కగా ఉంటాయి. రెండూ ఒకే డబ్బాలో పోసి కలుపుతారు. అప్పుడు ఆరు వస్తుంది. ఇందులో మోసం లేదు. ఉన్న పాలే, ఉన్న వెన్నే. మొత్తం మారదు.

నీళ్ళు పోయడం వేరు. నా భార్య రుక్మాబాయికి నందు అని తమ్ముడు ఉన్నాడు. నా దగ్గరే కొట్టంలో పని చేసేవాడు. ఎనిమిదేళ్ళ కింద ఒక ఎండాకాలం పొద్దున, ఒక ఇంటికి పోయాల్సిన పాలు కొంచెం తక్కువ పడ్డాయి. వాడు డబ్బాలో ఒక గ్లాసు నీళ్ళు పోశాడు. నేను చూశాను. ఇరవై లీటర్ల డబ్బా మోరీలో గుమ్మరించాను. వాడిని కొట్టం నుంచీ ఇంటి నుంచీ వెళ్ళగొట్టాను. రుక్మాబాయి ఏడ్చింది.

"ఒక్క గిలాసకు గింత లొల్లి జేస్తవా? చిన్నోడు, మాఫ్ జెయ్యి."

"ఎంత పోసిండని గాదు. పోసిండా లేదా?"

ఆ తరవాత ఆమె ప్రతి రాఖీ నాడూ గల్లీ మొదటి దాకా నడిచి వెళ్ళి, అక్కడ రోడ్డు మీద నిలబడి తమ్ముడికి రాఖీ కట్టి వచ్చేది. నేను వద్దనలేదు. వాడిని లోపలికి రానివ్వలేదు.

మా బిడ్డ సోనీ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు రుక్మాబాయి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రి. నేను బర్రెల దగ్గర ఉంటే సోనీ తల్లి దగ్గర ఉండేది. లెక్కల పరీక్ష రోజు ఆసుపత్రి వరండాలోనే మొహం కడుక్కుని, అక్కడి నుంచే బడికి పోయింది. పరీక్ష రాసి మళ్ళీ అక్కడికే వచ్చింది. తరవాతి వారం రుక్మాబాయి పోయింది. నందు వచ్చి గల్లీ మొదట్లో నిలబడ్డాడు. పాడె పట్టనివ్వలేదు.

ఆ ఏడాది ప్రోగ్రెస్ కార్డు మీద నేను చూడకుండానే సంతకం పెట్టాను.

పదో తరగతిలో సోనీకి అన్నింటిలో ఏ వన్ వచ్చింది. లెక్కల్లో తొంభై ఆరు. నయాపూల్ దగ్గర ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీ ఉంది. ట్రస్టు వాళ్ళది. పేరు చెప్పను. ఏటా ముప్పై మంది పిల్లలను తీసుకుంటారు. ఫీజు లేదు, పుస్తకాలు వాళ్ళవే, ఇంజనీరింగ్ పరీక్షకు కోచింగ్ కూడా వాళ్ళదే. సోనీ రెండేళ్ళుగా ఆ కాలేజీ మాటే చెబుతోంది. ఆ గేటు ముందు నుంచి బస్సు పోతే కిటికీలోంచి మెడ తిప్పి చూసేది. తల్లి బతికుండగా తల్లికి కూడా చూపించింది.

ఫారంతో పాటు ఎనిమిది, తొమ్మిది, పది మూడేళ్ళ మార్కులు అడిగారు. పిల్ల తన గురించి తాను రాసిన ఒక పేజీ కూడా అడిగారు. దాన్ని వేరే కవర్లో పెట్టి అతికించి ఇవ్వాలి.

పక్కింటి సీమోను ఆర్టీసీలో మెకానిక్కు. వాళ్ళ స్వీటీ, మా సోనీ ఒకే తరగతి. ఒకరోజు పాలు పోయించుకుంటూ అన్నాడు.

"దుర్గన్నా, ఆ కాలేజంటే మామూలు గాదే. మస్తు స్ట్రిక్టు. కార్డు మీద ఒక్క ఏ టూ కనవడ్డదనుకో, ఫారం దీసి పక్కకు పారేస్తరు."

"నీకెవరు చెప్పిండ్రు?"

"చెప్పుడేంది, అందరికి ఎర్కైన ముచ్చటే. మా స్వీటీకి రెండు ఏ టూలున్నయ్. రాదు."

"రాదని ఎర్కైతె ఎందుకేస్తున్నవ్?"

"ఎయ్యకపోతె దానమ్మ నన్ను ఇంట్ల ఉండనిస్తదా? ఇంకో పావు పొయ్యి."

ఆ రోజు ఇంటికి వచ్చి సోనీ కార్డులు తీసి చూశాను. ఎనిమిదిలో అన్నీ ఏ వన్. పదిలో అన్నీ ఏ వన్. తొమ్మిదిలో లెక్కలు ఎనభై ఎనిమిది. ఏ టూ. తొంభై ఒకటి ఉంటే ఏ వన్ అయ్యేది.

సోనీని అడిగాను.

"దీని సంగతేంది?"

"ఏం గాదు బాపు. ఉన్నదే గద."

"ఏం గాదని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు జెప్పలే. నేను చూసుకుంట తియ్."

పదహారేళ్ళ పిల్ల ఏం చూసుకుంటుంది? ముప్పై మూడు తెచ్చుకున్నవాణ్ణి నేను. అయిదు పాయింట్ తొమ్మిది డబ్బాలు రోజూ చూసేవాణ్ణి నేను. ఆ కార్డునే చాలాసేపు చూశాను. లెక్కల పైన తెలుగు ఉంది. తొంభై ఏడు. ఏ వన్‌కు తొంభై ఒకటి చాలు. ఆరు మార్కులు పనీపాటా లేకుండా కూర్చున్నాయి.

మర్నాడు బడికి పోయాను. సెలవులు. ఆఫీసు గదిలో క్లర్కు రామలింగం ఒక్కడే ఉన్నాడు. ఫ్యాన్ కింద కూర్చుని అడ్మిషన్ పుస్తకం రాసుకుంటున్నాడు. పదకొండేళ్ళుగా నా దగ్గరే పాలు పోయించుకుంటాడు.

"ఏంది దుర్గన్నా, బడికే వచ్చినవ్? రేపు పాలు గిట్ల బందా?"

"పాలు గాదు సారు. మా సోనీ తొమ్మిదో తరగతి కార్డు. ఇంకోటి రాసియ్యాలె."

"పోయిందా?"

"పోలే. లెక్కలల్ల మూడు మార్కులు తక్కువున్నయ్."

రామలింగం కలం పక్కన పెట్టాడు. తలుపు వైపు చూశాడు.

"మార్కులు పెంచమంటవా? నా నౌకరి ఊడగొడ్తవా ఏంది?"

"పెంచమంటలేను. తెలుగుల తొంభై ఏడున్నయ్. అండ్లకెళ్ళి మూడు దీసి లెక్కలల్ల ఎయ్యి. అది తొంభై నాలుగైతది, ఇది తొంభై ఒకటైతది. టోటల్ అంతే ఉంటది."

రామలింగం కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఇదేం హిసాబే? కార్డు అనుకున్నవా, పాల డబ్బా అనుకున్నవా?"

"డబ్బా లెక్కనే. చిక్కటివి జరన్ని పల్చటి వాట్ల కలుపుతం. నీళ్ళు పొయ్యం గద. పిల్ల తెచ్చుకున్న మార్కులే, పిల్లకే ఇస్తున్నవు."

"మాటయితె బాగనే చెప్తున్నవ్." మళ్ళీ తలుపు వైపు చూశాడు. "కంప్యూటర్ల ఉన్నది గట్లనే ఉంటది మల్ల. అది మారదు. కార్డు మీద మాత్రమే మారుతది."

"కంప్యూటర్ల ఎవరన్న చూస్తరా?"

"ఎవడు జూస్తడు? తొమ్మిదో తరగతిది ఎవడికి గావాలె?" ఖాళీ కార్డు ఒకటి సొరుగులోంచి తీశాడు. "మీ సుక్క బర్రె ఈనేటట్టుంది గద?"

"రేపో మాపో."

"జున్నుపాలు మర్సిపోకు. మా ఇంటామె పానం తీస్తున్నది."

జున్నుపాలు ఆయన ఇంటికే పంపాను. మొదటి రోజువి, నిండు చెంబు. నా ఇంట్లో సోనీకి కూడా మిగల్చలేదు. ఇది గుర్తుంచుకోవాలి.

ఫారం చివరి తేదీ రోజు సోనీ కాగితాలన్నీ ఒక ఫైలులో వరసగా పెట్టింది. తన గురించి రాసుకున్న పేజీని కవర్లో పెట్టి అతికించింది. నయాపూల్ వైపు పని ఉందని, నేనే ఇచ్చి వస్తానని ఫైలు తీసుకున్నాను. ఇంటి బయటికి వచ్చేముందు పాత కార్డు తీసి కొత్తది పెట్టాను. పాతది రుక్మాబాయి చీరల పెట్టెలో అడుగున దాచాను. అతికించిన కవరు చేతికి తగిలింది. అందులో ఏం రాసిందో నేను అడగలేదు. పిల్లలు రాసుకున్నవి చదవడం నాకు అలవాటు లేదు.

ఫారం కింద తెలుగులోనే ఒక లైను ఉంది. మార్చిన లేదా దిద్దిన పత్రాలు జతచేస్తే దరఖాస్తు రద్దవుతుంది. రెండుసార్లు చదివాను. అది నీళ్ళు పోసేవాళ్ళ కోసం రాశారు అనుకున్నాను. ఫైలు కిటికీలో ఇచ్చి వచ్చాను.

పది రోజులకు కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. అమ్మాయిని, తండ్రిని రమ్మన్నారు. వెయ్యిమంది ఫారాలు వేస్తే నలభై మందిని పిలిచారట. స్వీటీని కూడా పిలిచారు. అది తెలిసినప్పుడు నాకు మొదటిసారి ఏదో తేడాగా అనిపించింది. రెండు ఏ టూలున్న పిల్లను ఎందుకు పిలిచారు? సీమోనును అడిగితే, "ఏమో అన్నా, ఏసు ప్రభువు దయ," అన్నాడు. పొద్దుటి పనిలో పడి ఆ ఆలోచన వదిలేశాను.

సోనీ తన తల్లి పాత ఓణీ వేసుకుని వచ్చింది. ఆ గేటులోంచి లోపలికి పోతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు.

లోపల గదిలో ఇద్దరున్నారు. ప్రిన్సిపాల్ మేడమ్, తలంతా నెరిసిన ఆమె. పక్కన లెక్కల లెక్చరర్ శ్రవణ్‌కుమార్, ముందు లాప్‌టాప్ పెట్టుకుని. మేడమ్ మమ్మల్ని కూర్చోమంది. మంచినీళ్ళు తెప్పించింది. సోనీ రాసిన పేజీ ఆమె చేతిలో ఉంది.

"బాగా రాసినవమ్మా. ఇది చూసే నిన్ను పిలిచాం. కానీ ఒక అనుమానం ఉంది. నువ్వు ఇక్కడ ఏం రాసినవో ఒకసారి చదువు."

సోనీ కాగితం తీసుకుని చదివింది. తొమ్మిదిలో నాకు లెక్కల్లో ఎనభై ఎనిమిది వచ్చింది. ఆ రోజు అమ్మ ఆసుపత్రిలో ఉంది. చివరి రెండు లెక్కలు నాకు వచ్చు, కానీ చెయ్యకుండా పేపరు ఇచ్చి అమ్మ దగ్గరికి పోయాను. ఆ ఏ టూ నాకు సిగ్గు కాదు. ఆ అరగంట నేను అమ్మతో ఉన్నాను. పదో తరగతిలో ఆ రెండు రకాల లెక్కలే ముందు నేర్చుకున్నాను.

ఆ పేపరు సంగతి నాకు అప్పటి దాకా తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

మేడమ్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"మరి దీంట్లో తొంభై ఒకటి ఉంది. ఏ వన్. ఏది నిజం?"

సోనీ కార్డు చూసింది. తెలుగు ఎదురుగా తొంభై నాలుగు, లెక్కల ఎదురుగా తొంభై ఒకటి. పైనుంచి కిందికి ఒక్కసారే చూసింది. తల తిప్పి నన్ను చూసింది. ఒక్క క్షణమే. తరవాత మేడమ్ వైపు తిరిగింది.

"నేను రాసిందే నిజం మేడమ్."

"ఈ కార్డు ఎక్కడిది?"

సోనీ తన కాగితాన్ని బల్ల మీద పెట్టింది. మేడమ్ నన్ను చూసింది.

అప్పుడు నేను ఒక మాట అనాల్సింది. ఆ మాట అనలేదు. "స్కూలోళ్ళ తప్పయి ఉంటది మేడమ్," అన్నాను.

శ్రవణ్‌కుమార్ లాప్‌టాప్ మా వైపు తిప్పాడు. బడివాళ్ళు ఆన్‌లైన్‌లో ఎక్కించిన మార్కులు అందులో ఉన్నాయి. తెలుగు తొంభై ఏడు, లెక్కలు ఎనభై ఎనిమిది. "తప్పు పడితే ఒక దగ్గర పడుతుంది. ఇక్కడ మూడు తీసి, సరిగ్గా అక్కడ మూడు వేశారు," అన్నాడు. కార్డు మీద బడి నంబరు చూసి ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడు.

రామలింగం ఎత్తాడు. శ్రవణ్‌కుమార్ సంగతంతా చెప్పి, ఈ కార్డు మీరే ఇచ్చారా అని అడిగాడు.

ఫోన్‌లో ఫ్యాన్ చప్పుడు, సొరుగు మూసిన చప్పుడు వినిపించాయి.

"మేము అసొంటియి ఇయ్యం సార్. మా దగ్గర ఎనభై ఎనిమిదే ఉన్నది. ఇప్పటి పిల్లలు మస్తు తెలివిగలోళ్ళు సార్. యాడనో కంప్యూటర్ షాపుల దిద్దిచ్చుకున్నట్టుంది. పిల్ల మీద జర కన్నేసి ఉంచుండ్రి."

నేను లేచాను. కుర్చీ వెనక్కి పడింది.

"రామలింగం! నా ఇంటి జున్ను దిన్న నోటితోని నా బిడ్డను దొంగంటవా? నీ చేత్తో రాసియ్యలే? సొరుగుల కార్డు దియ్యలే?"

ఫోన్ కట్టయింది. మళ్ళీ కలిపితే ఎత్తలేదు.

"నేనే చేయించిన మేడమ్," అన్నాను. "బిడ్డకు తెల్వదు. దాని చేతికి కార్డు ఇయ్యలే. నేనే మార్చి పెట్టిన."

"ఎందుకు?"

చెప్పాను. పాల కేంద్రం, మిషన్, ఆరు, అయిదు పాయింట్ తొమ్మిది. చిక్కటివి పల్చటి వాటిలో కలపడం. మొత్తం మారలేదని రెండుసార్లు చెప్పాను. శ్రవణ్‌కుమార్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మేడమ్ అంతా విన్నది. గొంతు పెంచకుండా మాట్లాడింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ పడదు.

"దుర్గయ్య గారూ, ఏ వన్, ఏ టూ మేము ఒకే కట్టలో పెడతాం. ఒక ఏడాది ఒక సబ్జెక్టులో ఒక గ్రేడు తగ్గితే దాని పక్కన పెన్సిల్ గీత కూడా పెట్టం. మూడేళ్ళ కార్డులు ఎందుకు అడుగుతామంటే, పిల్ల నడక చూడటానికి. జారిందా, జారితే మళ్ళీ లేచిందా అని. ఎన్నడూ జారని పిల్ల కంటే జారి లేచిన పిల్ల ఇక్కడ నిలబడుతుందని మాకు అనుభవం. మీ అమ్మాయి రాసింది మేమంతా కూర్చుని చదివాం. సీటు ఇద్దామనే అనుకున్నాం. తరవాత కార్డు చూశాం."

"అయితె ఇయ్యుండ్రి. అసలు కార్డు ఇంట్ల ఉన్నది. అర్ధగంటల తెస్త."

"అసలు కార్డుతో మాకు పని లేదు. అందులో ఏముందో మీ అమ్మాయి ముందే రాసి ఇచ్చింది."

"మరి దానిదేం తప్పు?"

"తప్పు లేదు. కానీ ఈ ఫైలు ఆమెది. మార్చిన కాగితం పెడితే రద్దు అని ఫారం మీదనే ఉంది. పోయినసారి ఒక పిల్లను ఇదే రూలుతో పంపించేశాం. ఆ పిల్ల తండ్రి కూడా ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. మీరు రాగానే ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ట్రస్టు వాళ్ళతో నేను కొట్లాడేదాన్ని. మీరు బడి మీద పెట్టారు. బడి పిల్ల మీద పెట్టింది. ఇప్పుడు నేను ఏమని కొట్లాడాలి?"

"మూడు మార్కులే గద మేడమ్."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. మా నాయన మాట.

"ఎన్ని మార్కులని కాదండీ," అన్నది ఆమె. "మార్చారా లేదా?"

ఆ మాట రుక్మాబాయితో నేను అన్నదే.

మా నాయన పంతులు కాళ్ళు పట్టుకున్నాడు. నేను ఆమె కాళ్ళు పట్టుకోలేదు. పట్టుకోవచ్చు. బిడ్డ కోసం ఎవరైనా పట్టుకుంటారు. కానీ ఆ మాట ఎంత గట్టిదో నాకు తెలుసు. ఆ మాటతో నేను ఎనిమిదేళ్ళు ఒక మనిషిని గల్లీ మొదట్లో నిలబెట్టాను. ఆ మాట ఎదుటివాడి నోట్లోంచి వస్తే, తప్పు అని ఎట్లా అనాలి? అనలేకపోయాను. ఆ కాలేజీని తిట్టడానికి నాకు దారి లేకుండా చేశారు. దీనికే నాకు అందరికంటే ఎక్కువ కోపం.

సోనీ లేచి పడిపోయిన కుర్చీని సరిగ్గా నిలబెట్టింది. మేడమ్‌కు దండం పెట్టింది. తను రాసిన కాగితం తిరిగి ఇమ్మని అడిగింది. ఇచ్చారు.

బయట ఎండ. నయాపూల్ మీద నడిచాం. బండ్లు, జనం, కోర్టుకు పోయేవాళ్ళు, బట్టల మూటలు. నేను ముందు, సోనీ వెనక. వంతెన సగానికి వచ్చాక ఆగి ఎదురుచూశాను. వచ్చింది. ఏడవలేదు. నా పక్కనే నిలబడింది.

"ఏమన్న అను," అన్నాను. "తిట్టు. నీ ఇష్టం."

కింద మూసీ వైపు చూసింది.

"నందు మామ పోసింది ఒక్క గిలాసనే బాపు," అన్నది.

అంతే. ముందుకు నడిచింది. ఈసారి సోనీ ముందు, నేను వెనక.

తరవాత లిస్టు పెట్టారు. స్వీటీకి సీటు వచ్చింది. రెండు ఏ టూలతో. సీమోను లడ్డూలు తెచ్చి, నా గుమ్మం ముందు నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక అక్కడే డబ్బా పెట్టి వెళ్ళాడు. "మస్తు స్ట్రిక్టు అన్నవు గద," అని అడుగుదామని గల్లీలోకి వచ్చాను. వెనక్కి తిరిగి చూడకుండా పోతున్నాడు. పోనిచ్చాను. విన్న మాట చెప్పాడు. చేసింది వాడు కాదు.

రామలింగం వేరు. మేము కాలేజీకి పోయి వచ్చిన రెండో రోజు పొద్దున గిన్నె పట్టుకుని వచ్చాడు. ఏమీ జరగనట్టే.

"కోపమొచ్చిందా దుర్గన్నా? ఏం జేస్తనే, నౌకరి. ఇద్దరు పిల్లలున్నోన్ని. నీ బిడ్డకైతె ఇంకో కాలేజి దొరుకుతది. నాకు ఇంకో నౌకరి దొరుకుతదా?"

"గిన్నె ఇంటికి వట్టుకపో."

"జర ఆలోచించు అన్నా. నువ్వడిగితెనే చేసిన గద."

"నేనడిగితె చేసినవ్. నేనడగకుంటనే నా బిడ్డను దొంగన్నవ్. పో."

పోయాడు. ఇప్పుడు ప్యాకెట్ పాలు కొంటున్నాడట. వాళ్ళ ఇంటామెకు పడటం లేదట. ఆయన చచ్చేదాకా నా డబ్బాలోంచి చుక్క పోయను. ఆయన చచ్చినా ఆ గల్లీలోకి నేను పోను.

సోనీ సర్కారు కాలేజీలో చేరింది. లెక్కల గ్రూపే. తన ఫారం తనే నింపింది, తనే పట్టుకుపోయింది. నన్ను సంతకం ఒక్కటే అడిగింది. సంతకం పెట్టేముందు ప్రతి కాగితం నా ముందు పరిచి, ఇది ఎనిమిది, ఇది తొమ్మిది, ఇది పది అని చూపించింది. తొమ్మిదిది పాతదే. తల్లి పెట్టెలోంచి తనే వెతికి తీసుకుంది. ఎక్కడ దాచానని నన్ను అడగలేదు. ఎనభై ఎనిమిది అని నేను కూడా చూశాను. ఆ సర్కారు కాలేజీలో అది ఎవరూ చూడనే లేదట. చేర్చుకున్నారు.

ఇంట్లో మాట్లాడుతుంది. అన్నం పెడుతుంది. బాపు అంటుంది. కావలసినంతే మాట్లాడుతుంది. మొన్న రాఖీ నాడు తలకు నూనె రాసుకుని, తల్లి ఓణీ వేసుకుని, పళ్ళెం పట్టుకుని గల్లీ మొదటికి పోయింది. తల్లి లేదు కాబట్టి తల్లి తరఫున కట్టి వస్తుందట. నేను అరుగు మీద కూర్చుని చూశాను. నందు వచ్చాడు. ఆటో పక్కన ఆపి, చెయ్యి చాపాడు. చెవుల పక్కన నెరిసింది. గల్లీలోకి ఒక అడుగు వేశాడు. నా వైపు చూశాడు. నేను లేవలేదు. రమ్మనలేదు, వద్దనలేదు. వాడు ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

లేచి ఉండాల్సిందని మీరు అనుకుంటారు. అనుకోండి. నాకు మాఫీ ఇచ్చినవాళ్ళు లేరు. ఇవ్వడం నాకు రాదు.

ఇదీ జరిగింది. పంతులు పేరు చెప్పలేదు, కాలేజీ పేరు చెప్పలేదు, రామలింగం పేరు మాత్రం చెప్పాను. నా పేరు మొదటే చెప్పాను. సీమోను నిన్న కూడా పాలు పోయించుకుంటూ అడగబోయాడు.

"దుర్గన్నా, గా రోజు కాలేజిల అసలు ఏమైందే?"

"పాలెన్ని?"

"అర్ధ. గది గాదు, సోనీ సీటు..."

"అర్ధ అన్నవు. పట్టు."

పోసి మూత పెట్టాను. సీమోనుకు చెప్పలేదు. సోనీ అడిగినా మళ్ళీ చెప్పను. మీకు చెప్పడం అయింది. ఇక ఈ మాట నా నోట రాదు.